టేకాఫ్‌కి ముందే ఖాయమైపోయే టేకాఫ్

1996 ఏప్రిల్ 11 ఉదయం. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని షయాన్ ఎయిర్‌పోర్టు. నాలుగు సీట్ల చిన్న సెస్నా విమానం ఇంజిన్ స్టార్ట్ అయింది, కాసేపటికే ఆగింది. లారీ ఆపినప్పుడు చక్రానికి రాయి అడ్డుపెట్టినట్టే, నిలిపి ఉంచిన విమానం చక్రానికి కూడా ఒక దిమ్మ పెడతారు. ముందు చక్రం దగ్గర ఆ దిమ్మ తీయకుండానే ఇంజిన్ తిప్పేశారు. దిమ్మ తీసి, మళ్ళీ స్టార్ట్ చేసి బయల్దేరారు. బయట వాన. రేడియోలో పైలట్ ‘స్పెషల్ ఐఎఫ్ఆర్’ అనుమతి కావాలని అడిగాడు. అలాంటి అనుమతి అసలు లేనే లేదు. అదేమిటో తనకు తెలియదని టవర్‌లోని కంట్రోలర్ అన్నాక, అడగాల్సింది ‘స్పెషల్ వీఎఫ్ఆర్’ అని సర్దుకున్నాడు. దూరం సరిగా కనిపించకపోయినా కళ్ళతో బయటికి చూస్తూనే ఎగరడానికి ఇచ్చే అనుమతి అది.

ఇలాంటి పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి. తాళం మరిచిపోయి మెట్లు దిగేసినట్టే ఇవీ. కానీ పది నిమిషాల్లో వరసగా జరిగాయంటే, చేతులు చేస్తున్న పని మీద మనసు లేదని అర్థం. అది అప్పటికే ప్రయాణంలో పడిపోయింది.

ఆ విమానంలో ఉన్నది ముగ్గురు. ఏడేళ్ళ జెస్సికా డుబ్రాఫ్, ఆమె తండ్రి, ఫ్లైయింగ్ ఇన్‌స్ట్రక్టర్. పాప విమానం నడుపుతూ అమెరికా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి వెళ్తోందని దేశమంతా వార్తలు. చట్టం లెక్క వేరు. ఏడేళ్ళ పిల్లకి లైసెన్స్ రాదు కాబట్టి పైలట్ ఇన్‌స్ట్రక్టరే, నిర్ణయమూ బాధ్యతా ఆయనవే. ఉదయం 8:24 ప్రాంతంలో విమానం రన్‌వే మీంచి లేచింది, కుడివైపు తిరుగుతూ వేగం కోల్పోయింది, ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న ఇళ్ళ మధ్య కూలింది. ముగ్గురూ చనిపోయారు.

ప్రైవేట్ పైలట్లు టేకాఫ్ నిర్ణయం ఎలా తీసుకుంటారో, ఎందుకు తప్పుగా తీసుకుంటారో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం. ఎందుకంటే ఇక్కడ ఎవరూ ఏదీ దాచలేదు. ప్రమాదం ఆకాశంలో కళ్ళెదురుగానే ఉంది.

ముందు విమానం సంగతి. షయాన్ ఎయిర్‌పోర్టు సముద్రమట్టానికి 6,156 అడుగుల ఎత్తున ఉంది. పైకి వెళ్ళేకొద్దీ గాలి పల్చబడుతుంది. గాలి పల్చబడితే ఇంజిన్‌కి ఊపిరి చాలదు, ప్రొపెల్లర్‌కి పట్టు దొరకదు, రెక్కలు మోయగలిగే బరువూ తగ్గుతుంది. వేడి కూడా ఇదే పని చేస్తుంది. అందుకే పైలట్లు ‘డెన్సిటీ ఆల్టిట్యూడ్’ అని ఒక లెక్క వేసుకుంటారు. అంటే ఈ గాలిలో విమానం తాను ఎంత ఎత్తులో ఉన్నాననుకుంటుందో ఆ ఎత్తు. హైదరాబాద్‌లోని బేగంపేట ఎయిర్‌పోర్టునే చూడండి. అసలు ఎత్తు 1,742 అడుగులు. ఆ ఎత్తులో ఉండాల్సిన ప్రామాణిక ఉష్ణోగ్రత సుమారు 11.5 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలుంటే తేడా 28 డిగ్రీల పైమాటే. డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే లెక్క 5 వేల అడుగులు దాటిపోతుంది. నేల మీదే నిలబడి ఉన్నా విమానం వరకు అది కొండమీది ఊరే. షయాన్‌లో ఆ ఉదయం చల్లగానే ఉన్నా డెన్సిటీ ఆల్టిట్యూడ్ 6,670 అడుగులని తర్వాత తేల్చారు. పైగా విమానం మోయాల్సిన గరిష్ఠ బరువు కన్నా 96 పౌండ్లు, అంటే 43 కిలోలకు పైగా ఎక్కువ మోస్తోంది.

ఇవన్నీ ఉన్నా విమానం ఎగురుతుంది. తిప్పలు వచ్చేది ఇక్కడే. ముందురోజు ఇదే విమానం రాక్ స్ప్రింగ్స్ అనే ఊళ్ళో ఆగి, షయాన్ కన్నా ఇంకా ఎత్తున్న రన్‌వే మీంచి లేచి వచ్చింది. ఏమీ కాలేదు. బరువు, ఎత్తు, వేడి అనేవి ఒక్కొక్కటీ విడిగా వస్తే విమానం సర్దుకుపోతుంది. నిన్న జరిగిపోయింది కాబట్టి ఇవాళా జరిగిపోతుందనుకునే నమ్మకం అక్కడ పుడుతుంది. నిన్న లేనిదీ ఇవాళ ఉన్నదీ ఏమిటని మనసు అడగదు.

ఇవాళ ఉన్నది ఉరుముల మేఘం. ఉదయమే ఇన్‌స్ట్రక్టర్ ఫోన్ చేసి వాతావరణం అడిగాడు. చల్లగాలుల ఫ్రంట్ వస్తోందని, కుదుపులు, మంచు పేరుకునే అవకాశం ఉన్నాయని అవతలివాళ్ళు చెప్పారు. తూర్పువైపు మాత్రం ఎండ కనిపిస్తోందని ఆయన బదులిచ్చాడు. అబద్ధం కాదు, నిజంగానే తూర్పున తెరిపిగా ఉంది. తాము వెళ్ళాల్సిందీ అటే. చూడాలనుకున్న దిక్కులో చూడాలనుకున్నది కనిపించింది. తుపాను పశ్చిమం నుంచి ఎయిర్‌పోర్టు మీదికే వస్తోంది. ఉండిపొమ్మని, తమ ఇంట్లో దిగమని స్థానిక రేడియో స్టేషన్ వాళ్ళు పిలిచారు కూడా. తుపాను రాకముందే దాటేస్తామని తండ్రి వద్దన్నారు. ఇంతలో గాలి 20 నాట్లు, ఉండుండి 30 నాట్లు (ఒక నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు). అప్పుడే ఎగిరిన మరో పెద్ద సెస్నా పైలట్, విండ్ షియర్ ఉందని, వేగం 15 నాట్లు అటూ ఇటూ ఊగుతోందని చెబితే టవర్ ఆ మాటను వీళ్ళకి అందించింది.

విండ్ షియర్ అంటే కొద్ది దూరంలోనే గాలి వేగమో దిక్కో ఠక్కున మారిపోవడం. ఎదురుగాలి ఉన్నంతసేపు రెక్కల మీద గాలి బాగా పారుతుంది. అది హఠాత్తుగా పడిపోతే, నేల మీది చెట్లూ ఇళ్ళూ అదే వేగంతో వెనక్కి పోతున్నట్టే కనిపిస్తున్నా రెక్కలకి అందే గాలి తగ్గిపోతుంది. వెనక గాలి తోస్తుంటే కంటికి వేగం ఇంకా ఎక్కువే అనిపిస్తుంది. పైలట్ అనుకోకుండానే ముక్కు పైకెత్తుతాడు. తిరుగుతూ ఉంటే ఆ వంపుకి కూడా అదనపు గాలి కావాలి. చివరికి రెక్కలు గాలి పట్టు తప్పుతాయి. దీన్ని స్టాల్ అంటారు. ఇంజిన్ ఆగడానికీ దీనికీ సంబంధం లేదు. ఎత్తులో ఉంటే ముక్కు దించి సర్దుకోవచ్చు. నేలకి కొన్ని వందల అడుగుల ఎత్తులో ఉంటే సర్దుకునే చోటుండదు.

అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు (ఎన్‌టీఎస్‌బీ) ప్రధాన కారణంగా రాసినది యంత్రం గురించి కాదు. క్షీణిస్తున్న వాతావరణంలోకి, అధిక బరువుతో, తనకు అలవాటు లేనంత డెన్సిటీ ఆల్టిట్యూడ్‌లో టేకాఫ్ చేయాలన్న పైలట్ నిర్ణయమే తప్పు అని రాసింది. ఆ నిర్ణయం వెనక ఏముందో కూడా రాసింది. శక్తికి మించిన షెడ్యూల్, దానికి తోడు మీడియాకి ఇచ్చిన మాటలు.

షెడ్యూల్ సంగతి కాస్త వివరంగా చూడాలి. కాలిఫోర్నియాలో సముద్రం ఒడ్డునున్న హాఫ్ మూన్ బే నుంచి మసాచుసెట్స్‌లోని ఫాల్మత్‌కి వెళ్ళి, మళ్ళీ వెనక్కి రావాలి. మొత్తం సుమారు 6,660 మైళ్ళు, 8 రోజులు. మధ్యలో ఒక్క రోజు ఖాళీ లేదు. వసంతకాలంలో అమెరికా నడిబొడ్డున తుపాన్లు రావడం మనకి జూన్‌లో వాన రావడమంత మామూలు. రెండు తుపాను రోజులు వస్తే ఏం చేయాలో ఆ కాగితం మీద లేదు. అంటే వాతావరణం బాగాలేకపోతే ఆగే హక్కుని ఇన్‌స్ట్రక్టర్ షయాన్‌లో వదులుకోలేదు. కాలిఫోర్నియాలో కాగితం మీద తేదీలు వేసుకున్న రోజే వదిలేసుకున్నాడు. షయాన్‌లో చేసిందల్లా అప్పటికే ఖాయమైన టేకాఫ్‌కి కారణాలు వెతకడం. తూర్పున ఎండ ఒక కారణం. వెంటనే కుడికి తిరిగితే తప్పించుకోవచ్చన్నది ఇంకొకటి.

పైలట్లు దీన్ని వేళాకోళంగా ‘గెట్ దేర్ ఐటిస్’ అంటారు, జబ్బు పేరులాగా. ఎలాగైనా చేరాలన్న జబ్బు. పేరు సరదాగా ఉంది కానీ కొంచెం మోసం చేస్తుంది. వింటే అది తొందరపాటు మనుషులకి వచ్చే రోగంలా ఉంటుంది. నిజానికి మాట మీద నిలబడేవాళ్ళకే ఎక్కువ వస్తుంది. పెళ్ళికి వస్తానన్నవాడికి, సోమవారం పొద్దున్నే ఆఫీసులో ఉంటానన్నవాడికి, పాపకి మాటిచ్చిన తండ్రికి.

ఎయిర్‌లైన్స్ పైలట్లకి ఈ జబ్బు తక్కువ. వాళ్ళు గొప్ప మనుషులని కాదు, ‘వద్దు’ అనేవాళ్ళు చుట్టూ ఉంటారు కాబట్టి. అమెరికాలో పెద్ద విమాన సంస్థల్లో కెప్టెన్‌తో సమానంగా డిస్పాచర్‌కీ (నేల మీద ఉండి ప్రయాణాన్ని ప్లాన్ చేసే ఉద్యోగికి) బాధ్యత ఉంటుంది, ఇద్దరిలో ఎవరు కాదన్నా విమానం కదలదు. పక్క సీటులో కో-పైలట్ ఉంటాడు. డ్యూటీ గంటలకి పరిమితి ఉంటుంది. ప్రయాణికులు తిట్టుకున్నా కంపెనీని తిట్టుకుంటారు. ప్రైవేట్ పైలట్ విషయంలో ఈ మనుషులందరూ ఒక్కడే. విమానం యజమాని, డిస్పాచర్, కెప్టెన్, వాతావరణ నిపుణుడు, చాలాసార్లు ప్రయాణికుల మొగుడో తండ్రో కూడా. తనకి తాను ‘వద్దు’ చెప్పుకుని, ఆ తర్వాత వెనక్కి తిరిగి ఇంట్లోవాళ్ళకి కూడా తానే చెప్పుకోవాలి.

నియమాలు కాపాడవా అంటే, కొంతవరకే. కళ్ళతో బయటికి చూస్తూ నడపడాన్ని వీఎఫ్ఆర్ అంటారు, మేఘాల్లో పరికరాలు చూసి నడపడం ఐఎఫ్ఆర్. ఎయిర్‌పోర్టు చుట్టూ ఉన్న నియంత్రిత గగనతలంలో వీఎఫ్ఆర్‌కి మామూలుగా 3 మైళ్ళ దూరం కనిపించాలి. షయాన్‌లో అంతకన్నా తగ్గింది. అందుకే స్పెషల్ వీఎఫ్ఆర్ అడగాల్సి వచ్చింది. దాని కింద పగటిపూట ఒక్క మైలు కనిపిస్తే చాలు, మేఘాల్లోకి దూరకుండా ఉంటే చాలు. టవర్ ఇచ్చింది. ఇవ్వకపోవడానికి దాని దగ్గర కారణం లేదు. మిగతా విమానాలతో గుద్దుకోకుండా చూడటం టవర్ పని, ఈ పైలట్ ఇవాళ ఎగరగలడా లేదా అన్నది తేల్చడం టవర్ పని కాదు. అయినా అనుమతి అన్న మాట చెవిన పడగానే ఎవరో పెద్దవాళ్ళు సరేనన్నట్టే మనసు తీసుకుంటుంది.

ప్రమాదం తర్వాత చట్టం వచ్చింది. 1996 అక్టోబర్‌లోనే చైల్డ్ పైలట్ సేఫ్టీ యాక్ట్ చేశారు. లైసెన్స్, మెడికల్ సర్టిఫికెట్ లేనివాళ్ళు రికార్డుల కోసం, పోటీల కోసం విమానం నడపకూడదని దాని సారాంశం. పిల్లల్ని చూస్తే ఇది సరైనదే. కానీ ఆ ఉదయం నిర్ణయం తీసుకున్నది పాప కాదు. లైసెన్స్, మెడికల్ సర్టిఫికెట్ రెండూ ఉన్న పెద్దమనిషి. శక్తికి మించిన షెడ్యూల్‌ని ఏ చట్టమూ ఆపలేదు, ఆపగలదని కూడా అనిపించదు.

అందుకే విమానయాన శిక్షణలో ఇప్పుడు దృష్టి అంతా ఇంటి దగ్గర తీసుకునే నిర్ణయాల మీద ఉంది. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ప్రతి పైలట్‌నీ ‘పర్సనల్ మినిమమ్స్’ రాసుకోమంటుంది. చట్టం 3 మైళ్ళు చాలంటే, నాకు 5 కావాలి. పక్కగాలి 10 నాట్లు దాటితే నేను ఎగరను. రాత్రి అయితే నీటి మీదుగా వెళ్ళను. ఇలా ఎవరి కొలతలు వాళ్ళవి, ప్రశాంతంగా ఉన్న రోజున కాగితం మీద పెట్టాలి. రన్‌వే దగ్గర నిలబడి రాసుకునే కొలత రబ్బరులా సాగుతుంది. పైలట్, విమానం, వాతావరణం, బయటి ఒత్తిళ్ళు అని నాలుగు ఖానాలుగా ఆలోచించమని కూడా చెబుతారు. మొదటి మూడూ పైలట్లు ఎలాగూ చూస్తారు. నాలుగోది, ‘ఎవరెవరు ఎదురుచూస్తున్నారు’ అన్న ఖానా, ఎక్కువమంది ఖాళీగా వదిలేస్తారు. మిగతా మూడింటికీ సమాధానాలు మార్చేది అదే.

మన ఇళ్ళల్లో బయల్దేరే ముందు ఎవరైనా తుమ్మితే కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళమంటారు. మూఢనమ్మకమే, దాని వెనక సైన్స్ ఉందని చెప్పబోవడం లేదు. కానీ చెప్పు తొడిగిన కాలు మళ్ళీ లోపల పెట్టడానికి అదొక మర్యాదైన సాకు. షయాన్‌లో చక్రం దిమ్మ అడ్డుపడినప్పుడు ఇంజిన్ ఒకసారి ఆగింది కూడా. అప్పుడు లోపలికెళ్ళి ఒక టీ తాగి ఉంటే? విమానాశ్రయాల్లో పైలట్లకి ఇలాంటి సాకులు చాలా అవసరం. కొందరు ప్రయాణికులకి ముందే, వారం ముందే చెబుతారు: “మబ్బుపడితే వెళ్ళం, వేరే టికెట్లు కూడా చూసుకోండి” అని. అదీ సాకే, ముందుగా సిద్ధం చేసి పెట్టుకున్నది.

మరోరకం ప్రమాదం ఉంది. అందులో ఉరుములూ ఉండవు, ఒక్క హెచ్చరికా ఉండదు. 1999 జూలై 16న న్యూజెర్సీలోని ఎసెక్స్ కౌంటీ ఎయిర్‌పోర్టు నుంచి మాజీ అధ్యక్షుడి కొడుకు జాన్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ తన పైపర్ సరటోగా అనే చిన్న విమానంలో భార్యతో, ఆమె అక్కతో బయల్దేరాడు. వెళ్ళాల్సింది మార్తాస్ విన్‌యార్డ్ ద్వీపానికి, అక్కడ వదినని దింపి హయానిస్ అనే ఊరికి. సాయంత్రం అయిదున్నర, ఆరు మధ్య ఎయిర్‌పోర్టుకి వస్తానని చెప్పినవాడు టేకాఫ్ చేసింది 8:38కి. మార్తాస్ విన్‌యార్డ్‌లో 8:14కే సూర్యుడు అస్తమించాడు. పగటి ప్రయాణంగా అనుకున్నది రాత్రి ప్రయాణమైంది. ఎక్కడా ‘రాత్రి నీళ్ళ మీదుగా వెళ్దాం’ అని ఎవరూ నిర్ణయించినట్టు లేదు. ఆలస్యమే ఆ నిర్ణయం తీసేసుకుంది.

చూసిన వాతావరణ సమాచారం ప్రకారం వీఎఫ్ఆర్‌కి అడ్డేమీ లేదు. ఆకాశంలో మసక ఉంది, అంతే. మసక పగలు ఒక లెక్క, చంద్రుడు సరిగా లేని రాత్రి సముద్రం మీద ఇంకో లెక్క. ఆకాశమూ నీళ్ళూ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి, క్షితిజం కనపడదు. అప్పుడు శరీరం అబద్ధం చెబుతుంది. ఒప్పులకుప్ప ఆడి ఆగిన పిల్లకి ఇల్లంతా తిరుగుతున్నట్టే ఉంటుంది కదా, లోపలి చెవిలో ద్రవం ఇంకా ఆగలేదు కాబట్టి. విమానం మెల్లగా ఒక పక్కకి ఒరిగితే ఆ ద్రవానికి తెలియదు, సరిచేస్తే మాత్రం రెండో పక్కకి ఒరిగినట్టు అనిపిస్తుంది. దాంతో పైలట్ మళ్ళీ వంచుతాడు. 1954లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో పరికరాల మీద ఎగరడం నేర్చుకోని 20 మందిని ఇలా బయటేమీ కనిపించని స్థితిలో పెట్టి చూశారు. 20 మందీ అదుపు తప్పారు. సగటున 178 సెకన్లలో. మూడు నిమిషాలు కూడా కాదు.

కెన్నెడీకి మొత్తం 310 గంటల అనుభవం, అందులో రాత్రివి 55. పరికరాల శిక్షణ సగంలో ఉంది. చీలమండ విరిగాక వేసుకున్న ప్రత్యేక బూటు ముందురోజే తీశారు. ఆ రాత్రి తోడు వస్తానని ఒక ఇన్‌స్ట్రక్టర్ అన్నాడు, ఒంటరిగానే చేయాలనుకుంటున్నానని ఈయన బదులిచ్చాడు. దీన్ని చాలామంది అహంకారమని రాశారు. అంత కఠినంగా చూడనక్కరలేదేమో. కొత్తగా కారు నేర్చుకున్నవాడు పక్కన డ్రైవర్ లేకుండా అత్తారింటికి వెళ్ళాలనుకోవడం లాంటిదే అది. కాకపోతే ఆ ఇన్‌స్ట్రక్టర్‌తోపాటు, ‘వద్దు’ అనగలిగే రెండో మనిషి కూడా నేల మీదే ఉండిపోయాడు. 9:41 ప్రాంతంలో విమానం ద్వీపానికి ఏడున్నర మైళ్ళ దూరంలో నీళ్ళలో పడింది. చివరి క్షణాల్లో నిమిషానికి 4,700 అడుగులకు మించిన వేగంతో దిగిపోయింది. విమానంలో ఆటోపైలట్ ఉంది. అదుపు తప్పడానికి కారణం దిక్కు తెలియని భ్రమేనని, దానికి మసక, చీకటి తోడయ్యాయని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది.

ఆ సాయంత్రం అదే ఎయిర్‌పోర్టులో సొంత విమానం ఉంచుకున్న ఇంకో పైలట్ ఉన్నాడు. ఆయన వెళ్ళాల్సిందీ మార్తాస్ విన్‌యార్డ్‌కే. ఆకాశం చూసి, నాలుగు మైళ్ళకి మించి కనిపించడం లేదనుకున్నాడు. వెంట వస్తామన్న స్నేహితులు రాలేకపోయారు. రేపు వెళ్తే ద్వీపంలో ఒక రాత్రి హోటల్ ఖర్చు కూడా మిగులుతుంది. ఈ మూడు కారణాలూ ఆయన దర్యాప్తు అధికారులకి అలాగే చెప్పాడు, హోటల్ ఖర్చుతో సహా. శనివారం వెళ్దాంలే అనుకున్నాడు.